టిబెట్‌కు స్వాతంత్ర్యమా, స్వయంపాలనా? తగువంతా 1951 నాటి కాగితం దగ్గరే

చలికాలం మొదలవగానే మన ఊళ్లలో రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మేవాళ్లలో టిబెటన్లు చాలామంది ఉంటారు. మనం వాళ్లను నేపాలీలు అనుకుని బేరం మొదలుపెడతాం. వాళ్ల మధ్య మాత్రం దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఒక వాదన తెగకుండా నడుస్తోంది. కొందరు 'రంగ్‌జెన్' అంటారు, అంటే స్వాతంత్ర్యం. ఇంకొందరిది 'ఉమేలామ్', మధ్యేమార్గం. చైనాలోనే ఉంటాం, మా వ్యవహారాలు మమ్మల్ని చూసుకోనివ్వండి అని దాని అర్థం. ఈ 'ఉమా' మనకు మరీ పరాయి మాట కాదు. నాగార్జునుడి మాధ్యమిక దర్శనాన్ని టిబెటన్లు పిలిచే పేరు అదే. మన నాగార్జునకొండ పేరులో ఉన్నదీ ఆయనే.

చైనాలో మంచూ రాజవంశం కూలిపోయాక, 1913లో 13వ దలైలామా ఒక ప్రకటన చేశారు. టిబెటన్లు దాన్ని స్వాతంత్ర్య ప్రకటనగానే చూస్తారు. ఆ తర్వాత చైనా సైన్యం, పెత్తనం లేకుండా దాదాపు నాలుగు దశాబ్దాలు రాజధాని లాసాలోని టిబెట్ ప్రభుత్వం తన పాలన తాను చేసుకుంది. సొంత నాణేలు ఉన్నాయి, తపాలా బిళ్లలు ఉన్నాయి, చిన్నదో పెద్దదో సైన్యం కూడా ఉంది. లేనిదల్లా గుర్తింపు. 1914లో సిమ్లా సమావేశంలో బ్రిటిష్‌వాళ్లు లౌక్యంగా ఒక మధ్య మాట పట్టుకున్నారు. టిబెట్ స్వయంపాలిత ప్రాంతమట, దాని మీద చైనాకు పైపై పెత్తనం ఉంటుందట. చైనా ఆ ఒప్పందాన్ని అంగీకరించలేదు. కానీ 'స్వయంపాలన' అనే మాట మాత్రం అప్పటినుంచి టిబెట్ మెడకు చుట్టుకుంది.

1950 అక్టోబరులో మావో సైన్యం తూర్పున ఛామ్దోను పట్టుకుంది. టిబెట్ ఐక్యరాజ్యసమితికి మొరపెట్టుకుంటే, ఆ అర్జీని చర్చకు పెట్టమని అడిగిన దేశం ఎల్ సాల్వడార్ ఒక్కటే. సమితి దాన్ని వాయిదా వేసి ఊరుకుంది. 1951 మే 23న బీజింగ్‌లో 17 అంశాల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. టిబెట్ చైనాలో భాగమని అందులో రాశారు. దానికి బదులుగా ఇచ్చిన హామీలు మాత్రం ఘనమైనవి: స్వయంపాలన ఉంటుంది, ఉన్న రాజకీయ వ్యవస్థను మార్చరు, దలైలామా హోదా జోలికి పోరు, సంస్కరణల విషయంలో బలవంతం ఉండదు. మమ్మల్ని బెదిరించి సంతకం పెట్టించారని టిబెట్ పక్షం తర్వాత చెప్పింది. ఇప్పటి వాదనలో రెండు పక్షాలూ పాఠం నేర్చుకున్నది ఈ కాగితం నుంచే. ఆ పాఠాలే వేరు.

అసలు చిక్కు 'టిబెట్ అంటే ఎంత' అన్న దగ్గర వచ్చింది. లాసా పాలించినది మధ్య, పశ్చిమ ప్రాంతాలను. తూర్పున ఖామ్‌లో చాలా భాగం, ఈశాన్యాన ఆమ్దో చైనా రాష్ట్రాల కింద ఉన్నాయి కాబట్టి ఒప్పందం వర్తించేది లాసా వైపుకే అని బీజింగ్ అనుకుంది. లాసా వైపు హామీలు, తూర్పున భూసంస్కరణలు. మఠాల ఆస్తులు పోతుంటే, తుపాకులు అప్పగించమంటుంటే ఖంపాలు, అంటే ఖామ్ జనం, 1956 నాటికి తిరగబడ్డారు. లితాంగ్ మఠం మీద బాంబులు పడ్డాయి. అక్కడినుంచి పారిపోయిన జనం చేరింది లాసాకే. సగం ఇంటికి నిప్పంటించి మిగతా సగం చల్లగా ఉండాలంటే ఎట్లా కుదురుతుంది? 1956లో బుద్ధ జయంతికి భారత్ వచ్చిన 14వ దలైలామా, అంటే ఇప్పటి దలైలామా, ఇక్కడే ఉండిపోదామా అని ఆలోచిస్తే, తిరిగి వెళ్లి ఆ ఒప్పందం పరిధిలోనే పనిచేయమని నెహ్రూ సలహా ఇచ్చారు. 1959 మార్చి 10న లాసా జనం రోడ్డెక్కారు. వారం తర్వాత దలైలామా రాజభవనం వదిలారు. మార్చి 31న భారత సరిహద్దు దాటారు. దారిలోనే ఆయన ఒప్పందాన్ని తిరస్కరించారు. 1965లో చైనా 'టిబెట్ స్వయంపాలిత ప్రాంతం' ఏర్పాటు చేసింది. దాని గీతల్లోనూ ఖామ్‌లో చాలా భాగం, ఆమ్దో లేవు. టిబెటన్లలో సగానికి పైగా ఆ గీతలకు బయటే ఉన్నారు.

ప్రవాసంలో మొదటి ఇరవై ఏళ్లు లక్ష్యం స్వాతంత్ర్యమే. 1974లో నేపాల్‌లోని ముస్తాంగ్ స్థావరాల్లో ఉన్న టిబెటన్ గెరిల్లాలు ఆయుధాలు దించారు, అదీ దలైలామా టేపు చేసి పంపిన మాట విని. 1979లో చైనా నేత డెంగ్ జియావోపింగ్ దలైలామా అన్నతో స్వాతంత్ర్యం తప్ప ఏదైనా మాట్లాడుకోవచ్చన్నారు. 1988 జూన్‌లో స్ట్రాస్‌బర్గ్‌లో దలైలామా తన ప్రతిపాదన బయటపెట్టారు: విదేశాంగం చైనాకు, మిగతా పాలన టిబెటన్లకు, ఖామ్, ఆమ్దోలతో సహా.

ప్రవాసుల్లో ఎంతోమందికి ఇది మింగుడుపడలేదు. 1970లో పుట్టిన టిబెటన్ యూత్ కాంగ్రెస్ రంగ్‌జెన్ వదలనంది. వాళ్ల ప్రశ్న సూటిగా ఉంటుంది: స్వయంపాలన రాసిచ్చిన కాగితం ఒకసారి చూశాం కదా, పూచీ ఎవరు? మధ్యేమార్గం వాళ్లు దానికి చెప్పే జవాబు కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. మనం ఇక్కడ జెండాలు పట్టుకుని తిరుగుతుంటే అక్కడ బడిలో భాష పోతోంది, మఠంలో పోలీసులు కూర్చున్నారు, ముందు అది ఆగాలి కదా అంటారు. నా మట్టుకు నాకు రంగ్‌జెన్ వాళ్ల ప్రశ్నకు ఇంతవరకు సరైన జవాబు దొరికినట్టు లేదు. అయితే వాళ్ల దగ్గర దారి కూడా లేదు.

ఈ చర్చలో ఇంకో ఇబ్బంది ఉంది. మధ్యేమార్గాన్ని కాదనడం అంటే దలైలామాను కాదన్నట్టే. దేవుడిలా కొలిచే మనిషితో రాజకీయంగా విభేదించడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. 1990లలో ఆయనే జనాన్ని అడిగారు, ఏ దారి కావాలో చెప్పమని. 64 శాతానికి పైగా జనం మీరేది నిర్ణయిస్తే అదే అన్నారు. అడిగినవాడికే ప్రశ్న తిరిగొచ్చింది.

2002 నుంచి 2010 జనవరి దాకా చైనాతో తొమ్మిది విడతల చర్చలు జరిగాయి. 2008లో టిబెటన్ దూతలు ఒక పత్రం ఇచ్చారు. చైనా రాజ్యాంగం జాతులకు ఇచ్చిన హక్కులనే అమలు చేయమని, టిబెటన్లందరినీ ఒకే పాలన కిందకు తెమ్మని అందులో అడిగారు. అది ముసుగేసుకున్న స్వాతంత్ర్యం అని బీజింగ్ కొట్టిపారేసింది. నవంబరులో ప్రవాస టిబెటన్ల కేంద్రమైన ధర్మశాల పట్టణంలో వందల మంది ప్రతినిధులు కూర్చుని మధ్యేమార్గానికే మళ్లీ ఓటేశారు, ఫలితం రాకపోతే దారి మార్చే సంగతి చూద్దామన్న షరతుతో.

2011లో దలైలామా రాజకీయ అధికారాలు ఎన్నికైన నాయకుడికి అప్పగించారు. 2025 జులైలో, 90 నిండే ముందు, తన తర్వాత కూడా దలైలామా పరంపర ఉంటుందని, వారసుణ్ణి గుర్తించే అధికారం తన ట్రస్టుదేనని ప్రకటించారు. మా ఆమోదం లేకుండా కుదరదని చైనా అంటోంది. పునర్జన్మలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేస్తూ, నాస్తికులైన కమ్యూనిస్టులు 2007లోనే నిబంధనలు రాసిపెట్టుకున్నారు.