పేరు జూబ్లీహిల్స్, ఓట్లు బోరబండలో: హైదరాబాద్ సీట్లపై అపోహలు - వాస్తవాలు

పాత ఎన్నికల ఫలితాలు, నియోజకవర్గాల హద్దుల ఉత్తర్వులు పక్కపక్కన పెట్టుకుని చూడడం నా పని. విలేకరులు, పార్టీల వాళ్లు, టికెట్ మీద ఆశ ఉన్నవాళ్లు ఫోన్ చేసి "ఈ సీటు హిస్టరీ కాస్త చెప్పండి" అంటారు. అడిగే మాటలోనే సగం అపోహలు దొర్లుతాయి. నాకు ఎక్కువగా తగిలేవి ఖైరతాబాద్, జూబ్లీహిల్స్ గురించినవే.

అపోహ: జూబ్లీహిల్స్ అంటే డబ్బున్నవాళ్ల నియోజకవర్గం.

2025 ఉప ఎన్నికప్పుడు ఇతర రాష్ట్రాల చానళ్లు కొన్ని ఇలాగే మొదలుపెట్టాయి. బంగళాలు, స్టార్లు, పబ్బులు. నిజానికి జూబ్లీహిల్స్ డివిజన్ (కార్పొరేషన్ వార్డు) ఉన్నది ఖైరతాబాద్ అసెంబ్లీ నియోజకవర్గంలో. బంజారాహిల్స్ కూడా అక్కడే. ప్రతి ఎన్నికకూ జూబ్లీహిల్స్ క్లబ్ దగ్గర క్యూలో నిలబడి టీవీలో కనిపించే హీరోలు ఓటేసేది ఖైరతాబాద్ అభ్యర్థులకు.

మరి జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో ఏమున్నాయి? యూసుఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండ, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట. అంటే బస్తీలు, అద్దె ఇళ్లు, చిన్న ఉద్యోగులు, ఆటోవాళ్లు. కృష్ణానగర్ సినీ కార్మికులు కూడా ఇక్కడి ఓటర్లే. స్టార్లు చాలామంది ఒక సీటులో, వాళ్ల సినిమాలకు లైట్లు మోసేవాళ్లు పక్క సీటులో! ముస్లిం ఓటర్లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2014లో ఇక్కడ మజ్లిస్ అభ్యర్థిగా నవీన్ యాదవ్ రెండో స్థానంలో ఎలా నిలిచారో ఈ ఏరియాల పేర్లు చూస్తే అర్థమవుతుంది. ఆయనే 2025 నవంబర్‌లో కాంగ్రెస్ నుంచి గెలిచారు. అంతకుముందు ఇక్కడి ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ 2014లో టీడీపీ నుంచి, తర్వాత రెండుసార్లు కారు గుర్తు మీద గెలిచారు. ఆయన బలమంతా ఈ బస్తీలే. "పోష్ ఓటరు ఎటు మొగ్గుతాడు" అంటూ ఇక్కడ జరిగే చర్చలు నాకైతే టైమ్‌పాస్.

అపోహ: ఖైరతాబాద్ ఎప్పటినుంచో ఉన్న సీటు, ట్రెండు చూస్తే చాలు.

పేరు పాతదే, నేల మాత్రం మారిపోయింది. కాంగ్రెస్ నేత పి. జనార్దన్ రెడ్డి (పీజేఆర్) నాటి ఖైరతాబాద్ ఒక మహా నియోజకవర్గం. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వైపు దాకా ఉండేది. సైబర్ సిటీ పెరిగిందీ ఆ దిక్కునే. 1999లో పీజేఆర్ మీద సీబీఐ మాజీ డైరెక్టర్ విజయరామారావు టీడీపీ నుంచి గెలిచారు. 2004లో పీజేఆర్ మళ్లీ వచ్చారు. 2007 డిసెంబర్‌లో ఆయన చనిపోయాక జరిగిన ఉప ఎన్నికలో కొడుకు విష్ణువర్ధన్ రెడ్డి గెలిచారు.

చాలామంది తప్పు లెక్క వేసేది సరిగ్గా ఇక్కడే. కొత్త హద్దులు 2008 ఫిబ్రవరిలోనే నోటిఫై అయ్యాయి కాబట్టి అదే ఏడాది వేసవిలో జరిగిన ఉప ఎన్నిక కొత్త మ్యాపు మీదే జరిగిందనుకుంటారు. కాదు. ఉన్న సభ రద్దయ్యే దాకా పాత హద్దులే చెల్లుతాయి. పాత ఖైరతాబాద్‌కు అదే చివరి ఎన్నిక. 2009లో విష్ణు కొత్తగా పుట్టిన జూబ్లీహిల్స్‌కు వెళ్లి గెలిచారు. ఖైరతాబాద్‌కు దానం నాగేందర్ వచ్చారు, ఆయన పాత సీటు ఆసిఫ్‌నగర్ మాయమైంది కాబట్టి. 2014లో అదే ఖైరతాబాద్‌ను బీజేపీ నుంచి చింతల రామచంద్రారెడ్డి గెలిచారు.

2008 హద్దుల మార్పులో జస్టిస్ కుల్దీప్ సింగ్ డీలిమిటేషన్ కమిషన్ (నియోజకవర్గాల హద్దులు తేల్చేది) 2001 జనాభా లెక్కలతో గీతలు గీసింది. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్ పోయాయి. అంబర్‌పేట, నాంపల్లి, గోషామహల్, జూబ్లీహిల్స్, బహదూర్‌పురా వచ్చాయి. హైదరాబాద్ జిల్లా సీట్లు 13 నుంచి 15 అయ్యాయి. నాయకులు ఏరియాలను వెతుక్కుంటూ కదిలారు: కిషన్ రెడ్డి హిమాయత్‌నగర్ నుంచి అంబర్‌పేటకు, ముఖేశ్ గౌడ్ మహారాజ్‌గంజ్ నుంచి గోషామహల్‌కు. అందుకే ఖైరతాబాద్ 2004 శాతాన్ని 2009 శాతం పక్కన పెట్టి "కాంగ్రెస్ ఇంత పోగొట్టుకుంది" అని ఎవరైనా గ్రాఫ్ గీస్తే నేను రెండో పేజీ తిప్పను. పోల్చాలంటే ఫారం-20లో (ఎన్నికల ఫలితాల పత్రం) బూత్ వారీ ఓట్లు తీసి, ఆ బూత్ ఏ బస్తీదో చూసి కలపాలి. బూత్ నంబర్లు కూడా మారుతుంటాయి కాబట్టి నంబరు చూసి కలిపితే మళ్లీ బోల్తా. విసుగు పుట్టే పని, షార్ట్‌కట్ లేదు.

అపోహ: కార్పొరేషన్ డివిజన్లు మారితే అసెంబ్లీ హద్దులూ మారతాయి.

మారవు. డివిజన్లను మార్చేది రాష్ట్ర ప్రభుత్వం. ఎంసీహెచ్ (పాత హైదరాబాద్ కార్పొరేషన్) రోజుల్లో 100 ఉండేవి, జీహెచ్ఎంసీ అయ్యాక 150 చేశారు. అసెంబ్లీ హద్దులు డీలిమిటేషన్ కమిషన్ చేతిలో ఉంటాయి. ఆ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. ఆ 150 డివిజన్లప్పుడు సోమాజిగూడలో కొంత ఖైరతాబాద్‌లో, కొంత జూబ్లీహిల్స్‌లో ఉన్నది అందుకే. మీ ఇల్లు ఏ సీటులో ఉందో డివిజన్ పేరును బట్టి ఊహించకండి, ఓటరు జాబితాలో చూసుకోండి.

అపోహ: సికింద్రాబాద్ కంటోన్మెంట్ సికింద్రాబాద్ ఎంపీ కిందకు వస్తుంది.

రాదు, మల్కాజిగిరి కిందకు వస్తుంది.

అపోహ: జనం ఇంత పెరిగారు, వచ్చే ఎన్నికకు సిటీలో సీట్లు పెరగడం ఖాయం.

ఫోన్లలో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఇదే. 1976లో 42వ సవరణ సీట్ల సంఖ్యను బిగించింది. 2001లో 84వ సవరణ ఆ బిగింపును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. 2008లో కూడా ఉమ్మడి రాష్ట్రానికి 294 దాటలేదు, ఉన్నవాటినే జనాభాను బట్టి జిల్లాల మధ్య సర్దారు. ఉప్పల్, ఎల్బీనగర్, కుత్బుల్లాపూర్, మల్కాజిగిరి లాంటి శివారు సీట్లు అలా పుట్టినవే. అంటే నగరానికి వచ్చిన ప్రతి సీటూ ఎక్కడో ఒక పల్లె ప్రాంతం వదులుకున్నదే.

విభజన చట్టం సెక్షన్ 26 తెలంగాణకు 119 నుంచి 153, ఆంధ్రప్రదేశ్‌కు 175 నుంచి 225 అంటుంది కదా అని అడుగుతారు. అంటుంది, కానీ రాజ్యాంగంలోని ఆర్టికల్ 170కి లోబడి అని కూడా అంటుంది, అసెంబ్లీ సీట్లకు ఆ బిగింపు ఉన్నది అందులోనే. వెంటనే పెంచమని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. కాబట్టి 153ను నమ్ముకుని ఇప్పటినుంచే కొత్త సీటులో ఫ్లెక్సీలు కట్టేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ సీటు హద్దులు ఇంకా ఎవరూ గీయలేదు.