డిస్క్ గోల్ఫ్: పోటీకి ఆడటం, సరదాకి ఆడటం (అపోహలు - వాస్తవాలు)

అమెరికాలో, ముఖ్యంగా మా షార్లెట్ (నార్త్ కారొలైనా) చుట్టుపక్కల, పిల్లల్ని పార్కుకి తీసుకెళ్ళే తెలుగువాళ్ళందరూ ఈ ఆటని చూసే ఉంటారు. చెట్ల మధ్య గొలుసులు వేలాడే ఇనప బుట్టలు, వాటిలోకి దూరం నుంచి డిస్కులు విసిరే మనుషులు. మొదటి త్రో విసిరే చోటు (టీ ప్యాడ్) నుంచి బుట్ట దాకా ఒక హోల్. డిస్క్ పడిన చోటి నుంచి మళ్ళీ విసురుతూ, తక్కువ త్రోలతో అన్ని హోల్సూ పూర్తి చేసినవాళ్ళు గెలుస్తారు. నేను శనివారాలు పోటీల్లో ఆడతాను, వారం మధ్యలో ఒక చిన్న లీగ్ నడపడానికి సాయపడతాను, మిగతా రోజుల్లో ఇంట్లోవాళ్ళతోనో స్నేహితులతోనో ఊరికే ఆడతాను. నాకు మూడూ ఇష్టమే. అందుకే రెండు వైపుల నుంచీ వినిపించే కొన్ని మాటలకి జవాబు చెప్పాలనిపించింది. సరదాగా ఆడేవాళ్ళు "పోటీలు మనలాంటివాళ్ళకి కాదులే" అంటారు. పోటీల్లో ఆడేవాళ్ళలో కొందరు సరదాగా ఆడేవాళ్ళని ఆటగాళ్ళ లెక్కలోనే వేయరు. ఈ రెండు మాటలూ తప్పే.

అపోహ: ఆట బాగా వచ్చాకే పోటీలకి వెళ్ళాలి.

ఇలా అనుకున్నవాళ్ళలో చాలామంది ఎప్పటికీ వెళ్ళరు. ఎంత నేర్చుకున్నా ఇంకా రావాల్సింది కనిపిస్తూనే ఉంటుంది మరి.

వాస్తవానికి పోటీల ఏర్పాటే కొత్తవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఉంటుంది. ఈ ఆటకి నియమాలు రాసి, పోటీలకి గుర్తింపునిచ్చే సంఘం పీడీజీఏ. అది సభ్యులకి వాళ్ళ స్కోర్లని బట్టి రేటింగ్ ఇస్తుంది. 1000 అంటే నిపుణుల స్థాయి. 850 లోపు ఉన్నవాళ్ళకి నోవిస్, 900 లోపు రిక్రియేషనల్, 935 లోపు ఇంటర్మీడియట్, ఆపైన అడ్వాన్స్‌డ్ అని అమెచ్యూర్ విభాగాలున్నాయి. మీ రేటింగ్‌కి మించిన విభాగంలో ఆడొచ్చు గానీ, కింది విభాగంలోకి దిగనివ్వరు. అంటే మంచి రేటింగ్ ఉన్నవాడు వచ్చి నోవిస్‌లో బహుమతి కొట్టుకుపోయే వీలు లేదు. ఆడవాళ్ళకి, పిల్లలకి, 40 దాటినవాళ్ళకి, 50 దాటినవాళ్ళకి విడిగా విభాగాలున్నాయి.

రేటింగ్ లెక్క కూడా న్యాయంగానే ఉంటుంది. ఆ రోజు, ఆ కోర్సులో, ఆ గాలిలో, అప్పటికే రేటింగ్ ఉన్నవాళ్ళు ఎంత స్కోరు చేశారో చూసి, దాంతో మీ స్కోరుని పోలుస్తారు. మామూలు 18 హోల్స్ కోర్సులో ఒక్కో త్రో విలువ సుమారు 10 పాయింట్లు. ఒక రౌండ్ పూర్తిగా చెడిపోయిందా? మీ సగటు కన్నా 100 పాయింట్లకి మించి పడిపోతే ఆ రౌండ్‌ని లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి ఒక్క చెడ్డ రోజుకి భయపడి ఇంట్లో కూర్చోవాల్సిన పని లేదు.

అపోహ: దూరం విసిరేవాడే గెలుస్తాడు, తక్కువ దూరం విసిరేవాళ్ళు సరదాకే సరి.

కొత్తవాళ్ళు షాపుకెళ్ళి మొదట కొనేది స్పీడ్ 12, 13 ఉన్న డ్రైవరే (దూరం విసరడానికి వాడే డిస్క్). డిస్క్ మీద సాధారణంగా నాలుగు అంకెలుంటాయి: స్పీడ్, గ్లైడ్ (గాలిలో తేలడం), టర్న్ (మొదట్లో ఒక పక్కకి వంగడం), ఫేడ్ (చివర్లో రెండో పక్కకి తిరగడం). స్పీడ్ 13 ఉన్న డిస్క్ తన దారిన తాను ఎగరాలంటే దాన్ని అంత వేగంగా విసిరే చెయ్యి ఉండాలి. లేకపోతే, కుడిచేతివాటం వాళ్ళు బ్యాక్‌హ్యాండ్ విసిరినప్పుడు, అది తొందరగా ఎడమకి తిరిగి నేలకి కొట్టుకుంటుంది. అదే చేత్తో స్పీడ్ 5 మిడ్‌రేంజ్ డిస్క్ విసరండి, తిన్నగా పోతుంది, చాలాసార్లు డ్రైవర్ కన్నా దూరమే పోతుంది.

2016లో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ నెవాడా ఎడారిలో, గాలి వాలు చూసుకుని 338 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు పెట్టారు. అద్భుతమే. కానీ మా కారొలైనా కోర్సులు ఎక్కువగా పైన్ చెట్ల మధ్యే ఉంటాయి. టీ ప్యాడ్ మీద నిలబడితే ఎదురుగా రెండు మానుల మధ్య ఒక సందు కనిపిస్తుంది. 250 అడుగులు విసిరి ఆ సందులోంచి పంపగలిగినవాడు, 400 అడుగులు విసిరి మొదటి చెట్టుకే కొట్టేవాడిని ప్రతిసారీ ఓడిస్తాడు. చెట్టుకి తగిలిన డిస్క్ ఎర్రమట్టిలోకో, పాయిజన్ ఐవీ పొదలోకో వెళ్తుంది. అక్కణ్ణుంచి మళ్ళీ దారిలోకి రావడానికే ఒక త్రో పోతుంది.

అపోహ: ఆట ఒకటే, స్కోరు రాసుకోవడంలోనే తేడా.

ఇది అన్నిటికన్నా పెద్ద అపోహ. అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఇలాగే అనుకుంటారు.

పదిహేను అడుగుల పట్‌నే (దగ్గర్నుంచి బుట్టలోకి వేసే త్రో) చూడండి. సరదా రౌండ్‌లో ఏం చేస్తాం? మాట్లాడుకుంటూ నడిచి వెళ్ళి, డిస్క్ ఎక్కడుందో దాదాపు అక్కడ నిలబడి, ఒంటిచేత్తో అలా విసిరేస్తాం. పడితే పడింది, లేకపోతే "అది పడినట్టేలే" అని తీసుకుని తర్వాతి హోల్‌కి వెళ్ళిపోతాం. గల్లీ క్రికెట్‌లో ఎదురింటి గోడకి తగిలితే ఫోర్ అని మనం పెట్టుకున్నట్టే, ఇది మన నలుగురి మధ్య ఒప్పందం. అందులో తప్పేమీ లేదు.

అదే పట్ పోటీలో ఎలా ఉంటుందో చెప్తాను. పడిన డిస్కే గుర్తు, కావాలంటే దానికి ముందు, బుట్ట వైపు, చిన్న మార్కర్ పెట్టొచ్చు. ఆ గుర్తు వెనక 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న చోటులోనే కాలు ఆనాలి. బుట్టకి 10 మీటర్ల లోపల ఉన్నారు కాబట్టి, విసిరాక ముందుకి తూలకుండా నిలదొక్కుకోవాలి. ఆ తర్వాతే అడుగు ముందుకి వేయాలి. 30 సెకన్లలో విసరాలి. కార్డులో (కలిసి ఆడే గుంపులో) ఉన్న మిగతావాళ్ళు కదలకుండా, మాట్లాడకుండా నిలబడతారు. ఎదురుగాలి ఉంటే పట్టర్ (పట్‌కి వాడే డిస్క్) పైకి లేస్తుంది, వెనక నుంచి గాలి వస్తే కిందికి జారుతుంది, కాబట్టి గురి కొంచెం మార్చుకోవాలి. గొలుసుల అంచుకి తగిలితే లోపలికి వెళ్ళినట్టే వెళ్ళి బయటకి రాలుతుంది. బుట్ట పైన ఎక్కి కూర్చున్నా లెక్కలోకి రాదు, దింపి మళ్ళీ వేయాల్సిందే. రెండడుగుల దూరమున్నా ప్రతి హోల్‌నీ పూర్తి చేసి తీరాలి.

చెయ్యి అదే, డిస్క్ అదే, దూరం అదే. అయినా ఆ పట్ వేరు. సరదా రౌండ్‌లో వచ్చిన స్కోరు చూసుకుని పోటీకొచ్చినవాళ్ళకి అయిదారు త్రోలు ఎక్కువ రావడానికి కారణం ఒత్తిడి ఒక్కటే కాదు. అన్నాళ్ళూ లెక్కలోకి రాని త్రోలు ఇప్పుడు లెక్కలోకొచ్చాయి. పోటీకి వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా ఒక్కటే: దూరం మీద పడకండి, ఇవాళ్టి నుంచి ప్రతి పట్ పూర్తి చేయండి.

నేల కూడా మారిపోతుంది. మాకు దక్షిణంగా, సరిహద్దు దాటగానే వచ్చే రాక్ హిల్‌లో వింత్రాప్ యూనివర్సిటీ ఉంది. 1999 నుంచి యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరిగేది అక్కడే. పచ్చిక మీద పసుపు తాళ్ళు కట్టి ఓబీ (హద్దు) గీతలు పెడతారు. 17వ హోల్‌లో బుట్ట చుట్టూ గడ్డి కట్టలు పేరుస్తారు, వాటి అవతల పడితే పెనాల్టీ. దూరం చూస్తే మామూలు ఆటగాడు కూడా విసరగలిగేదే. ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళ ఆధిక్యం అక్కడ కరిగిపోవడం చూశాం. తాళ్ళూ, గడ్డి కట్టలూ లేకపోతే అది చల్లగా నడుస్తూ ఆడుకునే హోల్.

అపోహ: పోటీలో తప్పు ఎత్తి చూపితే స్నేహం పోతుంది.

మన తెలుగువాళ్ళ దగ్గర ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం, ఎందుకంటే మనకి మొహమాటం ఎక్కువ. డిస్క్ గోల్ఫ్ పోటీల్లో చాలా కార్డులకి అంపైర్ ఎవరూ ఉండరు. ముగ్గురో, నలుగురో, అయిదుగురో కలిసి ఆడతారు, ఒకరినొకరు చూసుకోవాలి. కాలు బయట పడితే వెంటనే ఒకరు చెప్పాలి, ఇంకొకరు అవునని బలపరచాలి. తేల్చుకోలేకపోతే విసిరినవాడి పక్షాన నిలవాలి.

మా లీగ్‌కి వచ్చే మనవాళ్ళలో "అన్నా, కాలు బయట పడింది" అనడానికి నోరు రాక ఊరుకునేవాళ్ళే ఎక్కువ. పెద్దాయన్ని ఎలా అంటాం, నొచ్చుకుంటారేమో అని. కానీ ఆ కార్డులో మీరు వదిలేసిన త్రో మీది మాత్రమే కాదు. వెనక కార్డులో అదే విభాగంలో ఇంకొకరు నియమం ప్రకారం ఆడుతున్నారు, నష్టం ఆయనకి. ఈ ఒక్క మాట చెప్తే చాలామంది మొహమాటం వదిలేశారు. గట్టిగా అరవక్కర్లేదు, వాదన పెట్టుకోక్కర్లేదు, మామూలు గొంతుతో చెప్తే చాలు. సరిగ్గా ఆడేవాళ్ళు "ఓకే, థాంక్స్" అని ముందుకెళ్తారు. స్కోరుకార్డు తప్పుగా ఇస్తే రెండు త్రోల పెనాల్టీ ఉంది కాబట్టి, ప్రతి హోల్ తర్వాతా స్కోరు పైకి చెప్పుకోవడం కూడా అలవాటు చేసుకోండి.

అపోహ: సరదాగా ఆడేవాళ్ళకి నియమాలు అక్కర్లేదు.

అక్కర్లేనివి ఉన్నాయి: 30 సెకన్లు, మార్కర్, ఓబీ, ఇంకో ఛాన్స్ తీసుకోకూడదనేది. వీటిని మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి. వదలకూడనివి కూడా ఉన్నాయి. ఈ కోర్సులు చాలావరకు అందరూ నడిచే పార్కుల్లో ఉంటాయి. డిస్క్ 170 గ్రాములుండి, అంచు సన్నగా ఉంటుంది, మొహానికి తగిలితే పెద్ద దెబ్బే. దారిలో మనిషి కనిపిస్తే విసరకూడదు. మలుపు అవతల ఏముందో తెలియకపోతే ఒకరు ముందుకెళ్ళి చూసి రావాలి. స్ట్రోలర్‌తో, అమ్మానాన్నలతో కలిసి పది మంది వచ్చినప్పుడు, వెనక ఇద్దరు ఎదురుచూస్తుంటే వాళ్ళని ముందుకి పోనివ్వాలి. ఇవి పాటిస్తే సరదా ఆటని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అపోహ: పోటీ అంటే డబ్బు.

అమెచ్యూర్ విభాగాల్లో నగదు ఇవ్వరు. డిస్కులో, బ్యాగులో, షాపులో వాడుకునే కూపన్లో ఇస్తారు. ప్రో విభాగంలో నగదు ఉంటుంది, చిన్న పోటీల్లో అందులో ఎక్కువ భాగం ఆటగాళ్ళు కట్టిన ఎంట్రీ ఫీజే. మేటి ఆటగాడు పాల్ మెక్‌బెత్‌కి 2021లో డిస్కుల కంపెనీ డిస్‌క్రాఫ్ట్‌తో పదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందం కుదిరింది. ఆయన మొదటి ప్రపంచ టైటిల్ 2012లో మా షార్లెట్‌లోనే గెలిచారు. అలాంటివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఖర్చు విషయానికొస్తే, ఒక పట్టర్, ఒక మిడ్‌రేంజ్, ఒక ఫెయిర్‌వే డ్రైవర్ ఉంటే మొదటి పోటీ ఆడేయొచ్చు.

అపోహ: పోటీలు ఆడితే ఆటలో సరదా చచ్చిపోతుంది.

కొందరికి నిజంగానే పోతుంది. మంగళవారం సాయంత్రం స్నేహితుడితో ఆడే రౌండ్‌ని కూడా ప్రాక్టీసుగా మార్చేసి, ప్రతి పట్‌కీ మొహం మాడ్చుకునేవాళ్ళకి. అలా చేయొద్దు. ప్రాక్టీసు చేయాలంటే బుట్ట ముందు ఒంటరిగా నిలబడి చేసుకోండి, స్నేహితుడితో ఉన్నప్పుడు స్నేహితుడితో ఉండండి.

అయితే సరదా రౌండ్ ఇవ్వలేనిది ఒకటి పోటీలో ఉంది. 2021లో యూటా రాష్ట్రంలోని ఒగ్డెన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ చివరి హోల్. జేమ్స్ కాన్రాడ్ అనే ఆటగాడు, పాల్ మెక్‌బెత్ కన్నా ఒక త్రో వెనక ఉన్నారు, బుట్ట 247 అడుగుల దూరంలో ఉంది. ఆయన విసిరింది గాలిలో వంపు తిరిగి నేరుగా గొలుసుల్లో పడింది. స్కోరు సమమైంది, ప్లేఆఫ్‌లో కాన్రాడ్ గెలిచారు. ఆ త్రో సరదా రౌండ్‌లో పడినా కేకలేస్తాం, చేతులు కలుపుతాం. కానీ దాని వెనక నాలుగు రోజులకి పైగా ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టిన త్రోలు ఉన్నాయి కాబట్టే ఈ ఆట ఆడేవాళ్ళం ఇంకా దాని గురించి మాట్లాడుకుంటున్నాం. నోవిస్ విభాగంలో ఎనిమిదో స్థానం కోసం వేసే ఆఖరి పట్‌లో కూడా అదే ఉంటుంది. నేను శనివారం పొద్దున్నే లేచేది దానికోసమే.

అపోహ: ఒకసారి పోటీల్లోకి దిగితే వెనక్కి రావడం ఉండదు.

సభ్యత్వం ఏడాదికోసారి కట్టేది. పాపాయి పుట్టిందనో, భుజం నొప్పనో, ఊరికే విసుగొచ్చో రెండేళ్ళు మానేయొచ్చు, ఆ రెండేళ్ళూ పార్కులో హాయిగా ఆడుకోవచ్చు. సభ్యత్వం ఆగిపోయినా మీ పీడీజీఏ నంబరు ఇంకెవరికీ వెళ్ళదు. 1976లో సంఘాన్ని పెట్టిన ఎడ్ హెడ్రిక్‌ది 1వ నంబరు, ఇప్పటికీ ఆయనదే. మీరు ఎప్పుడు మళ్ళీ కట్టినా పాత నంబరుతోనే కార్డులో ఎక్కుతారు.