విశాఖ బీచ్‌లో ప్రపోజల్: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఈవెంట్లు చేస్తుంటాను. పుట్టినరోజులు, సీమంతాలతో మొదలైన పనిలో ఇప్పుడు సగం ప్రపోజల్సే. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నాలుగైదేళ్లుగా ప్రేమలో ఉన్నవాళ్లే. "అక్కా, తనకి అస్సలు తెలియకూడదు" అన్నది అందరి మొదటి మాట. రెండో మాటకే ఏదో ఒక అపోహ బయటపడుతుంది.

అపోహ: సూర్యుడు సముద్రంలోకి దిగుతుండగా ఉంగరం తీయాలి.

వాస్తవం: గోవాలో అయితే దిగుతాడు, గోకర్ణలోనూ దిగుతాడు. మనది తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి పొడుస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి జారుకుంటాడు. ఫోన్‌లో గోవా ఫొటో చూపించి "రుషికొండలో ఇలాగే కావాలి" అనేవాళ్లకి ముందు దిక్కులు చెప్పాల్సి వస్తుంది. తెల్లారకముందే అమ్మాయిని లేపి తీసుకురాగలిగితే సూర్యోదయం బ్రహ్మాండంగా ఉంటుంది. అది మీవల్ల కాదనుకుంటే పౌర్ణమి చూసుకోండి. ఆ రోజు ఇటు పొద్దు వాలే వేళకి అటు నీళ్ల మీద చంద్రుడు లేస్తాడు. మొదట ఎర్రగా, మసగ్గా ఉంటాడు, కాస్త పైకొచ్చాక నీళ్ల మీద వెలుగు బాట పడుతుంది. మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు కాబట్టి తేదీ ఒక్కరోజు తప్పినా చీకట్లో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. డిసెంబరులో ఇక్కడ ఐదున్నరకే పొద్దు పోతుందని కూడా గుర్తుంచుకోండి.

పౌర్ణమికి పోటు కూడా ఎక్కువే. మొదట్లో నాకది తట్టలేదు. తడి ఇసుకకి పదడుగుల ఎడంగా బల్ల వేయించి, చుట్టూ గులాబీ రేకులు పోయించాను. అరగంట తిరక్కుండా ఒక అల వచ్చి బల్ల కాళ్లు కడిగి, రేకులన్నీ ఊడ్చుకుపోయింది. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "నిన్నటి పోటు చెత్త ఎక్కడిదాకా ఏసిందో చూడమ్మా, దానికి పైన ఏసుకో" అన్నాడు. నిజంగానే ఇసుక మీద పుల్లలు, నాచు, గుల్లలతో ఒక గీత ఉంది. అన్నాళ్లూ దాన్ని తొక్కుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఆ గీతకి బాగా పైనే బల్ల పడుతుంది.

అపోహ: పెళ్లి ప్రస్తావన ముందు రాకూడదు, వస్తే సర్‌ప్రైజ్ పోతుంది.

వాస్తవం: ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియకపోతే చాలు. చేసుకోవాలా వద్దా అన్నది ఇద్దరూ ముందే తేల్చుకుని ఉండాలి. ఎవరి ఉద్యోగం ఏ ఊళ్లో, ఇంట్లో ముందు ఎవరు చెప్తారు, కులాలు వేరైతే ఎవరి నాన్నతో ఎవరు మాట్లాడతారు: బెలూన్ల రంగు కంటే ముందు నేను అడిగేవి ఇవి. ఎనిమిదేళ్ల ప్రేమ అని వచ్చిన ఒకబ్బాయి దేనికీ జవాబు చెప్పలేదు. "అవన్నీ తర్వాత చూసుకుంటాం అక్కా" అన్నాడు. అడ్వాన్స్ పుచ్చుకోలేదు, ముందు తనతో మాట్లాడి రా తమ్ముడూ అన్నాను. మూడు నెలల తర్వాత వచ్చాడు. ఈసారి ఆ అమ్మాయి పీజీ ఎప్పుడు అవుతుందో, అప్పటికి ఏ ఊళ్లో ఇల్లు చూసుకోవాలో అన్నీ చెప్పాడు.

ఇంట్లో ఒప్పుకోకపోతే రిజిస్టర్ ఆఫీసు ఉందిగా అనే ధీమా ఒకటి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవాలంటే ముందు నోటీసు ఇచ్చి, 30 రోజులు ఆగాలి. ఇద్దరిలో ఒకరైనా ఆ నోటీసు ఇచ్చే జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి.

అపోహ: నలుగురిలో అడిగితేనే కిక్కు.

వాస్తవం: నలుగురూ ఫోన్లు పట్టుకుని నిలబడితే ఆమె కాదనలేదు, "కొంచెం టైమివ్వు" అనీ అనలేదు. పైగా ఆమె ఇంట్లో చెప్పేలోపే ఆ వీడియో వాళ్ల పెదనాన్న వాట్సాప్‌లో ఉంటుంది.

డ్రోన్ సంగతి కూడా చెప్పేస్తాను. తూర్పు నౌకాదళం ఉన్న ఊరిది. అనుమతి లేకుండా ఎగరేస్తే ఆ సాయంత్రం స్టేషన్‌లో గడుస్తుంది.

అపోహ: ఉంగరమంటే వజ్రమే, అదీ రెండు నెలల జీతం పెట్టి.

వాస్తవం: ఆ లెక్క డి బీర్స్ వజ్రాల కంపెనీ ప్రకటనల్లోంచి వచ్చింది. వజ్రం శాశ్వతం అనే వాళ్ల నినాదాన్ని 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే కాపీరైటర్ రాశారు. మన ఇళ్లలో ప్రధానానికి తొడిగే బంగారు ఉంగరానికి ఏ కంపెనీ నినాదమూ అక్కర్లేకపోయింది. ల్యాబ్‌లో తయారైన వజ్రం కూడా వజ్రమే, ధర చాలా తక్కువ, తిరిగి అమ్మితే వచ్చేదీ తక్కువే. అమెరికన్ డైమండ్ మాత్రం అసలు వజ్రం కాదు. ఏది కొన్నా బంగారం మీద హాల్‌మార్క్, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఆ నగకి ఇచ్చే గుర్తింపు కోడ్, చూసి కొనండి. 18 క్యారెట్లయితే 750 అని ఉంటుంది.

సైజు దగ్గరే అందరూ బోల్తా పడతారు. మీరు తొడగబోయే వేలికే ఆమె పెట్టుకునే పాత ఉంగరం ఒక్క పూట సంపాదించి షాపులో కొలిపించండి. పక్క వేలిదో, రెండో చేతిదో పనికిరాదు. చుట్టూతా రాళ్లున్న డిజైన్ తీసుకుంటే తర్వాత సైజు మార్చడం కష్టం.

ఐస్‌క్రీమ్‌లో ఉంగరం దాచడం: వద్దు. కొరికితే పన్ను, మింగితే ఎక్స్‌రే.

మూఢంలో అడగొచ్చా అని కూడా అడుగుతుంటారు. ముహూర్తం నిశ్చయ తాంబూలాలకి చూస్తారు గానీ అడగడానికి కాదు. కానీ ఆమెకి పట్టింపు ఉంటే మీరూ పంచాంగం తిరగేయండి. లేకపోతే "ఆషాఢంలో అడిగాడు మహానుభావుడు" అన్నది జన్మంతా వింటారు.

అపోహ: మోకాలి మీద కూర్చుని డబ్బా తెరవడానికి ప్రాక్టీస్ ఎందుకు?

వాస్తవం: భీమిలి దగ్గర ఒకబ్బాయి చేతులు వణికి, తెరిచిన డబ్బా బోర్లా పడింది. ఉంగరం ఇసుకలో మాయం. మా కుర్రాడు వెతకడానికి అడుగు వేయబోతే అరిచి ఆపాను, తొక్కితే ఇంకా లోపలికి పోతుంది. రోడ్డు మీద వేరుశెనక్కాయల బండి కనిపించింది. ఇసుకలో వేయించి జల్లిస్తారు కదా, వాళ్ల దగ్గర జల్లెడ ఉంటుందని అప్పుడు తట్టింది. పరుగున వెళ్లి తెచ్చాను. అమ్మాయి చీర కుచ్చిళ్లు దోపుకుని తనే జల్లించడం మొదలుపెట్టింది, అతను దోసిళ్లతో పోశాడు. ఐదో జల్లెడలో ఉంగరం తేలింది. అతను మళ్లీ మోకాలి మీదికి దిగబోతుంటే, "ఇంక లేవరా బాబూ" అని తనే తీసి తొడుక్కుంది. ఫొటోగ్రాఫర్ తీసినవాటిలో వాళ్లు ఫ్రేమ్ కట్టించుకున్నది ఆ జల్లెడ ఫొటోనే.

ఇప్పుడు నా సామానులో కొవ్వొత్తుల పెట్టె పక్కన ఒక జల్లెడ ఉంటుంది.