చుక్కలతో ఉబ్బే గుమ్మడికాయ, చుక్కల్లో మాయమయ్యే కుర్చీ

"గుమ్మడికాయ బొమ్మేసి నల్ల చుక్కలు పెడితే కోట్లు పోసి కొంటున్నారు. ఇందులో సైన్స్ ఏమైనా ఉందా సార్?" అని అచ్చంపేట పాఠకుడు ఒకరు అడిగారు. కోట్ల సంగతి నాకు తెలియదు గానీ సైన్స్ మాత్రం దండిగా ఉంది.

ఆయన అడిగింది 1929లో పుట్టిన జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా గురించి. మనమైతే గుమ్మడికాయను దిష్టికని గుమ్మానికి కడతాం, పసిబిడ్డ బుగ్గన దిష్టి చుక్క పెడతాం. ఆమె రెండూ కలిపేశారు! దిష్టి మాటేమో గానీ, చుక్క చూపును మోసం చేయడం మాత్రం నిజం.

ఆ కాయను గమనించండి. ఒక్కో ఉబ్బు నడుమ పెద్ద చుక్కలు, గాడిలోకి పోయేకొద్దీ చిన్నవి. నీడ వేయనక్కరలేకుండానే కాయ గుండ్రంగా ముందుకొస్తుంది. ఎందుకంటే చుక్కలన్నీ ఒకే సైజు, అన్నీ గుండ్రమే అని మెదడు ముందే ఖాయం చేసుకుంటుంది. ఏదైనా చిన్నగా కనిపిస్తే అది దూరంగా ఉండాలి, లేదా ఆ భాగం పక్కకు తిరిగి ఉండాలి. దూరం రెట్టింపైతే చుక్క అడ్డం, నిలువు రెండూ సగమై వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. తలం 60 డిగ్రీలు వాలితే మాత్రం ఒక్క వైపే సగమై చుక్క కోలగా మారుతుంది. అంటే సైజు దూరం చెబుతుంది, ఆకారం వాలు చెబుతుంది. చుక్కల మధ్య ఎడం కూడా ఇదే లెక్కలో తగ్గుతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గిబ్సన్ 1950లో వివరించిన టెక్స్చర్ గ్రేడియంట్ ఇదే. ఒక కన్ను మూసి చూడండి, కాయ ఇంకా ఉబ్బుతుంది. 'ఇది చదును కాగితమే' అని రెండు కళ్లూ కలిసి చెప్పే చాడీ ఆగిపోతుంది కదా!

బడిలో కాంతి పాఠం దర్పణాలు, కటకాలతోనే అయిపోతుంది. రెటీనా మీద పడ్డ బొమ్మను మెదడు ఎట్లా చదువుతుందో చెప్పే తీరిక మాస్టార్లకు ఎక్కడిది?

అదే చుక్క తిరగబడితే వస్తువు మాయం. 2002లో ఆస్ట్రేలియాలో కుసామా ఒక గదిని, అందులోని కుర్చీలు, బల్లలతో సహా తెల్లగా చేయించి, పిల్లల చేతికి రంగు చుక్కల స్టిక్కర్లు ఇచ్చారు. పోనుపోను కుర్చీ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో పోల్చుకోలేం. అంచుకు రెండు వైపులా ఒకేలాంటి చుక్కలుంటే, మెదడుకు అసలు అంచు బదులు వందల దొంగ అంచులు దొరుకుతాయి.

అచ్చంపేట దాటితే వచ్చే అమ్రాబాద్ అడవిలో చుక్కల దుప్పి బతికేదీ ఈ కిటుకుతోనే. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చల్లో దాని తెల్ల మచ్చలు కలిసిపోతాయి. అది కదిలిందా, ఒంటి మీది మచ్చలన్నీ ఒకే దిక్కుకు పోతాయి, ఎండ మచ్చలు ఉన్నచోటే ఉంటాయి. కలిసి కదిలేవన్నీ ఒకే వస్తువని మెదడు తేల్చేస్తుంది. అందుకే కుసామా గదిలో కుర్చీ దొరకకపోయినా, ఒంటి నిండా చుక్కలు అంటించుకుని పరిగెత్తే పిల్లలు ఇట్టే దొరికిపోతారు.