తలుపేసుకుంటే మనసులో పొంగు దిగుతుంది

ఓ పాఠకురాలు అడిగారు: "మా అబ్బాయి కాలేజీ నుంచి రాగానే గది తలుపేసుకుని, ఫోన్ కూడా పక్కన పడేసి, అరగంట ఫ్యాన్ వంక చూస్తూ పడుకుంటాడండీ. డిప్రెషనేమోనని టెన్షన్‌గా ఉంది." ఆ తర్వాత లేచి శుభ్రంగా తిని, చెల్లెలితో పోట్లాడతాడట. ఇంకేం భయం! తిండీ నిద్రా స్నేహితులూ అన్నీ మానేస్తే అప్పుడు డాక్టర్ని కలవాలి.

అసలు ఆ అరగంటలో ఏం జరుగుతుందన్నదే నాకు సరదా. 2018లో థుయ్‌వీ న్గుయెన్, రిచర్డ్ రయన్, ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగాల్లో మనుషుల్ని 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి, ముందూ తర్వాతా వాళ్ల మనసెలా ఉందో కొలిచారు. కోపం, ఆందోళన తగ్గాయి. ఆశ్చర్యమేంటంటే హుషారు, ఉత్సాహం కూడా తగ్గాయి! భావోద్వేగాలకి రెండు కొలతలుంటాయని జేమ్స్ రసెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లోనే గీసి చూపించాడు: అది హాయా బాధా అన్నది ఒకటి, ఎంత ఉద్రేకంగా ఉందన్నది రెండోది. కోపమూ సంబరమూ మొదటి కొలతలో చెరో చివర ఉన్నా రెండో కొలతలో రెండూ పైనే ఉంటాయి. ఏకాంతం పట్టుకునేది ఆ రెండోదాన్ని.

పొయ్యి మీద పాలు పొంగొస్తుంటే మంట సిమ్‌లో పెడతాం కదా, సరిగ్గా అదే. పొంగు దిగుతుంది, పాలు చల్లారిపోవు. ఎదుటి మనిషే మంట: వాళ్ల మొహం చదవాలి, జవాబు వెతకాలి, మన గురించి ఏమనుకుంటున్నారో చూసుకోవాలి. ఒంటరిగా ఉన్నప్పుడు పుస్తకం చదువుకున్నా పొంగు దిగిందట, అంటే గరిటె తిప్పినా ఫర్వాలేదు. కాకపోతే మంట మనం తగ్గించామా, సిలిండర్ అయిపోయిందా అన్నది ముఖ్యం. తమంతట తాము కోరుకుని ఒంటరిగా ఉన్నవాళ్లకే విశ్రాంతి దొరికి ఒత్తిడి తగ్గింది. దిక్కులేక ఒంటరైనవాళ్లకి ఇదే సూత్రం చెప్పి ఊరుకుంటే అన్యాయం.

మనకేమో ఒంటరిగా ఉండటమంటే చిన్నప్పట్నుంచీ భయమే. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి ఒక్కడివే వెళ్తే దయ్యం పడుతుందనేవాళ్లు. బడిలో అల్లరి చేస్తే మూల నిలబెట్టేవాళ్లు, అంటే ఒంటరితనం ఒక శిక్ష అని అక్షరాలతో పాటే నేర్పారన్నమాట. ఇక రెసిడెన్షియల్ కాలేజీల్లో స్టడీ అవర్లు పోగా పిల్లాడు ఒక్కడే ఉండేది బాత్‌రూమ్‌లోనే, అక్కడా బయట క్యూ!

అలవాటు లేకపోతే ఎంత కష్టమో 2014లో మనస్తత్వ శాస్త్రవేత్త టిమోతీ విల్సన్ బృందం చూపించింది. 15 నిమిషాలు ఊరికే ఆలోచించుకుంటూ కూర్చోమని, కావాలంటే నొక్కుకోమని కరెంటు షాకిచ్చే బటన్ ఒకటి ఇచ్చారు. ఈ షాక్ తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామని అంతకుముందే చెప్పినవాళ్లలో కూడా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు. ఒక మహానుభావుడు 190 సార్లు!

ఇంకో చిక్కుంది. పొంగు దిగినప్పుడు ప్రశాంతతతో పాటు కాస్త దిగులూ పైకి తేలొచ్చు, అవి రెండూ తక్కువ ఉద్రేకం ఉన్న భావాలే కాబట్టి. కానీ న్గుయెన్ బృందం ప్రయోగాల్లో, ఏం ఆలోచించాలో తామే ఎంచుకున్నవాళ్లకీ, మంచి విషయాలు తలుచుకున్నవాళ్లకీ హుషారు పడిపోలేదు. కాబట్టి నా లెక్క ప్రకారం, ఆఫీసులో గొడవయ్యాక, పెళ్లి హడావిడి ముగిశాక ఓ పావుగంట ఒంటరిగా కూర్చోండి, కబడ్డీ మ్యాచ్‌కి దిగబోయే ముందు మాత్రం వద్దు, అక్కడ పొంగు కావాలి.