ఆటోమేటిక్ ట్రక్కు గేరు కొడుతోందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇది చదవండి

ఈ వారంలో ఇది మూడో ఫోన్. "అన్నా, గేరు మారేటప్పుడు ధడ్‌మని కొడుతోంది. బాక్స్ పోయింది, దించాల్సిందే అంటున్నారు. నిజమేనా?" ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టలేదని గొంతు వింటేనే తెలిసిపోతుంది. బండి మీదే ఇల్లు గడిచేవాళ్లకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ముందే చెప్తున్నా: గేరు కొట్టడం వేరు, బాక్స్ పోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల జనం నష్టపోయినంతగా నా పనిలో ఇంక దేనివల్లా నష్టపోవడం నేను చూడలేదు.

నేను మాట్లాడేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఆటోమేటిక్ గురించి. మామూలు క్లచ్చూ మామూలు గేర్‌బాక్సూ ఉండి, గేర్లు మాత్రం కంప్యూటర్ వేసే ఏఎంటీ బండ్ల లెక్క వేరు. వాటిని ఇందులో కలపకండి.

అపోహ: గేరు కొడుతోందంటే లోపల క్లచ్‌లు అయిపోయినట్టే

క్లచ్ ప్లేట్లు అరిగిపోతే అవి జారతాయి. ఆక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. రెండు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఆర్‌పీఎం మధ్యలో ఒక్కసారి పైకి లేచి పడుతుంది. కొట్టడం అంటే క్లచ్ గట్టిగా, ఒక్క ఉదుటున పట్టుకుంటోందని అర్థం. పట్టుకునే సత్తా దానికి ఇంకా ఉంది. మరి అంత గట్టిగా పట్టుకోమని దానికి చెప్పిందెవరు?

ఆయిల్ ప్రెషర్. ఆ ప్రెషర్ ఎంత ఉండాలో తేల్చేది కంప్యూటర్. ఇంజిన్ మీద లోడ్ ఎంత, ఆక్సిలరేటర్ ఎంత తొక్కారు, బాక్స్ లోపలికి వచ్చే షాఫ్ట్, బయటికి పోయే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతున్నాయి, ఆయిల్ ఎంత వేడెక్కింది, ఇవన్నీ సెన్సార్ల నుంచి తీసుకుని ప్రెషర్ సోలనాయిడ్‌కు, అంటే కరెంటుతో ఆయిల్ దారిని తెరిచి మూసే చిన్న వాల్వ్‌కు, కరెంటు పంపిస్తుంది. ఖాళీ బండి అయితే ప్రెషర్ తక్కువ, గేరు మెత్తగా పడుతుంది. వెనక ట్రైలర్ ఉంటే ప్రెషర్ ఎక్కువ, కాస్త గట్టిగా పడుతుంది. టో మోడ్ (ట్రైలర్ లాగేటప్పుడు వేసే సెట్టింగ్) ఆన్‌లో మర్చిపోయి గేర్లు గట్టిగా పడుతున్నాయని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఇందులో ఒక్క సిగ్నల్ తప్పిందనుకోండి. గాలిని కొలిచే సెన్సార్‌గానీ త్రాటిల్ సెన్సార్‌గానీ ఉన్నదానికంటే ఎక్కువ లోడ్ చూపిస్తే, పాపం కంప్యూటర్ నమ్మి ప్రెషర్ పెంచేస్తుంది. సోలనాయిడ్‌కు వెళ్లే వైరే తెగిపోతే ఇంకా పెద్ద దెబ్బ వస్తుంది. చాలా బాక్సుల్లో ఆ సోలనాయిడ్‌కు కరెంటు అందకపోతే ప్రెషర్ పూర్తిగా పైకి పోయేలా తయారీలోనే పెట్టారు. ప్రెషర్ తగ్గితే ప్లేట్లు జారి మాడిపోతాయి. పెరిగితే కుదుపు వస్తుంది కానీ ప్లేట్లు దక్కుతాయి. లింప్ మోడ్ అనేది ఇదే: బండి ఒకటి రెండు గేర్లలోనే ఉండిపోతుంది, డి లో వేసినా ఆర్ లో వేసినా ధడ్‌మంటుంది. మిమ్మల్ని భయపెట్టే ఆ చప్పుడు చాలాసార్లు బాక్స్ తనను తాను కాపాడుకునే చప్పుడే. అలాగని నెలల తరబడి అలాగే నడపమని చెప్పట్లేదు, ఆ దెబ్బలు క్రాస్‌ల (చక్రాలకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ల) మీద, మౌంటింగ్‌ల (ఇంజిన్‌నూ బాక్స్‌నూ పట్టుకునే రబ్బరు దిమ్మల) మీద పడతాయి. కారణం వెతకమంటున్నాను.

మొన్నామధ్య ఒక పికప్ వచ్చింది. అప్పటికే రెండు చోట్ల చూపించారట, రెండు చోట్లా ఓవర్‌హాల్ అన్నారట. బండి దిగుతూ డ్రైవర్ ఒక మాటన్నాడు: "రాత్రిళ్లు ఎక్కువ కొడుతుందన్నా. ఈ మాట చెప్తే అందరూ నవ్వుతున్నారు." నాకు నవ్వు రాలేదు. బాక్స్‌కు పగలూ రాత్రీ తెలియవు, కానీ రాత్రి పూట హెడ్‌లైట్లు వెలుగుతాయి కదా.

మీటర్ తీశాను. ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఛాసిస్‌కు. ఇంజిన్ నడుస్తోంది, లైట్లు ఆపి ఉన్నాయి, 0.3 వోల్టులు చూపించింది. లైట్లు వేయమన్నాను. 1 వోల్టు దాటిపోయింది. అక్కడ 0.2 దాటితేనే నేను అనుమానపడతాను. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు పట్టుకుని వంచి చూశా. పై తొడుగు నున్నగా, నిన్న వేసినట్టుంది. లగ్ (బోల్టు కింద బిగించే కొన) దగ్గర తొడుగు కోస్తే లోపల రాగి పచ్చబడిపోయి, వేలు పెడితే పొడిలా రాలింది. నాలుగైదు పోగులు మాత్రం పట్టుకుని ఉన్నాయి. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వచ్చే కేబుల్ వేరు కాబట్టి బండి చక్కగా స్టార్ట్ అవుతోంది, అందుకే ఎవరికీ అటువైపు చూపు పోలేదు. ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్ ఎర్త్ మాత్రం ఆ ఛాసిస్ మీదే ఉంది. లైట్లు వేసినప్పుడల్లా దానికి అందే వోల్టేజ్ పడిపోతోంది, గేర్లు కొడుతున్నాయి. వైరు మార్చాం, పాత కోడ్లు తుడిచాం, స్కానర్ పెట్టి, క్లచ్‌లు ఎప్పుడు ఎంత గట్టిగా పట్టాలో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాం. అతను చీకటి పడేదాకా ఆగి, లైట్లు వేసుకుని ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాడు.

పని కొత్తలో నేనూ ఇలాగే ఒక బాక్స్ దించాను. విప్పితే ప్లేట్ల మీద అచ్చువేసిన నంబర్లు కూడా చెరగలేదు. మళ్లీ కట్టి ఎక్కించాక అదే చోట, అదే దెబ్బ. చివరికి చూస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లో ప్లే (వదులు) ఉంది. ఆ బండి ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు, ఆ మౌనం ఇప్పటికీ గుర్తొస్తుంది. దించే ముందు ఏమేం చూడాలో నాకు ఒక వరస పడింది అప్పుడే.

ముందు ఆయిల్. బండి చదునైన చోట ఉండాలి, ఆయిల్ వేడిగా ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి. లివర్ ఎక్కడ పెట్టి చూడాలో కంపెనీ పుస్తకం చెప్తుంది, కొన్నిటికి పార్క్, కొన్నిటికి న్యూట్రల్. ఆలిసన్ కంపెనీ బాక్సులకైతే హాట్ చెక్ (ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు చూసే లెవెల్) 71 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య చేయాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి "తక్కువుంది" అని హాట్ గీత దాకా పోసేస్తే, వేడెక్కాక ఆయిల్ పైకి లేచి, తిరిగే భాగాలు దాన్ని నురగ చేస్తాయి. నురగలో గాలి ఉంటుంది, గాలి ఉంటే ప్రెషర్ నిలవదు. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. డి వేశాక రెండు క్షణాలు ఏమీ జరగకుండా తర్వాత ధడ్‌మంటే మొదట అనుమానించాల్సింది ఆయిల్ తక్కువేమోనని.

తర్వాత బ్యాటరీ, ఎర్త్‌లు. పైన చెప్పాను కాబట్టి మళ్లీ చెప్పను.

తర్వాత స్కానర్. ఇక్కడ ఒక చిక్కుంది. జేబులో పట్టే చిన్న స్కానర్ పెట్టి "పి0700 వచ్చింది, ట్రాన్స్‌మిషన్ కోడ్, బాక్స్ పోయింది" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పి0700 అంటే "ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉంది, వెళ్లి దాన్ని అడుగు" అని మాత్రమే. అసలు కోడ్ ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఉంటుంది, దాన్ని చదవగలిగే స్కానర్ కావాలి. చదవకుండా బాక్స్ దించమన్నవాళ్ల దగ్గర బండి వదలకండి.

సోలనాయిడ్ కోడ్ వస్తే వెంటనే సోలనాయిడ్ కొనకండి. బాక్స్ పక్కన ఉండే కనెక్టర్ ఊడదీసి చూడండి. పిన్నుల మధ్య ఆయిల్ తడి కనిపిస్తే సీల్ పోయిందన్నమాట. కొన్ని బండ్లలో ఆ ఆయిల్ వైర్ల లోపలి నుంచే పాకుతూ కంప్యూటర్ దాకా పోతుంది.

తర్వాత బయట ఉన్నవి. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి, న్యూట్రల్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే క్రాస్ వదులు తెలిసిపోతుంది. బండి పూర్తిగా ఆగాక వెనక నుంచి ఎవరో మెల్లగా గుద్దినట్టు టక్‌మంటే, అది చాలాసార్లు షాఫ్ట్ జారే స్లిప్ యోక్ దగ్గర గ్రీజు ఎండిపోవడం. ఇంజిన్ మౌంటింగ్, బాక్స్ మౌంటింగ్ రబ్బరు చిరిగితే మామూలు షిఫ్ట్ కూడా దెబ్బలాగే ఉంటుంది. ఇంజిన్ ఐడిల్ ఎక్కువున్నా డి లో వేయగానే కొడుతుంది.

ఇవన్నీ అయ్యాక ప్రెషర్ గేజ్. కంప్యూటర్ తక్కువ ప్రెషర్ అడుగుతోంది, గేజ్ ఎక్కువ చూపిస్తోంది, వైరింగ్ బాగుంది. అప్పుడు వాల్వ్ బాడీలో (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే వాల్వ్‌ల దిమ్మలో) వాల్వ్ ఇరుక్కుందో, సోలనాయిడ్ మూసుకుపోయిందో తేలుతుంది. ఒక్క షిఫ్ట్‌లోనే కొట్టి మిగతావన్నీ మెత్తగా ఉంటే, అక్యుములేటర్ (ప్రెషర్ ఒక్కసారిగా పడకుండా మెత్తబరిచే స్ప్రింగు పిస్టన్) ఉన్న బాక్సుల్లో దాని స్ప్రింగ్ విరిగిందేమో చూడాలి. వాల్వ్ బాడీ పని చాలా బండ్లలో చాంబర్ (బాక్స్ కింద ఆయిల్ ఉండే పళ్లెం) విప్పితే చాలు, బాక్స్ దించనక్కర్లేదు.

నిజంగానే బాక్స్ పోయినవీ ఉంటాయి, దాచను. చాంబర్ విప్పితే మాగ్నెట్ మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. వేలికి గుచ్చుకునే లోహపు పెచ్చులు, నల్లటి క్లచ్ పొట్టు, ఘాటైన మాడు వాసన ఉంటే లోపల పని ఉన్నట్టే. ఆయిల్ పాలు కలిసినట్టు గులాబీరంగులోకి మారితే రేడియేటర్‌లోని కూలర్ నుంచి కూలెంట్ కలిసింది. అప్పుడు ఇంజిన్ ఆపేసి, బండిని లాగించుకు రండి. కూలెంట్ క్లచ్ ప్లేట్ల జిగురును వదిలించేస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: ఏ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్) అయినా ఒకటే, ఎర్రగా ఉంటే చాలు

కాదు. ప్లేటు ఎలా పట్టాలో ఆయిల్‌లో కలిపే మందే నిర్ణయిస్తుంది. జనరల్ మోటార్స్ 2005లో తెచ్చిన డెక్స్‌రాన్ 6, పాత డెక్స్‌రాన్ 3 అడిగే బాక్సుల్లో పోయొచ్చు. అదే ఆయిల్‌ను ఏటీఎఫ్ ప్లస్ 4 అడిగే క్రైస్లర్ బాక్స్‌లో పోస్తే షిఫ్ట్ పాడవుతుంది. డిప్‌స్టిక్ మీద, పుస్తకంలో ఏ పేరుంటే అదే పోయండి.

అపోహ: పాత ఆయిల్ మారిస్తే బాక్స్ పోతుంది

అప్పటికే జారుతున్న బాక్స్‌కు చివరి ఆశగా ఆయిల్ మారుస్తారు, అది వారంలో ఆగిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. ప్లేట్లు బాగున్న బాక్స్‌కు సరైన ఆయిల్ ఏ హానీ చేయదు. డ్రెయిన్ చేసినప్పుడు టార్క్ కన్వర్టర్‌లో ఉన్నది బయటికి రాదు కాబట్టి, ఒక్కసారికి మొత్తం మారదు. మరీ పాతదైతే కొన్ని రోజుల తేడాతో రెండు మూడుసార్లు మార్చమంటాను, మెషీన్ పెట్టి గట్టిగా ఫ్లష్ చేయమనను.

అపోహ: బ్యాటరీ వైరు కాసేపు తీసి పెడితే సరైపోతుంది

కొన్ని బండ్లలో అలా చేస్తే కంప్యూటర్ ఇన్నాళ్లూ నేర్చుకున్నది మర్చిపోయి, కొన్ని రోజులు ఇంకా ఎక్కువ కొడుతుంది. బ్యాటరీ మార్చిన మర్నాడే గేరు కొట్టడం మొదలైతే కంగారుపడకండి. ఆయిల్ వేడెక్కాక ఆక్సిలరేటర్ మెల్లగా, ఒకే తీరుగా తొక్కుతూ అన్ని గేర్లూ మారేలా నడపండి, మెల్లగా సర్దుకుంటుంది.

బండి చూపించడానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడు కొడుతోందా, వేడెక్కాకా? ఏ గేరు నుంచి ఏ గేరుకి? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, ఆగాకా? ఖాళీగానా, లోడ్ మీదా? అంతకు ముందు వారం బండికి ఏం పని చేయించారు? ఇవి చెప్తే నాకు సగం పని అయిపోయినట్టే. రాత్రిళ్లే ఎక్కువ కొడుతోందనిపిస్తే, అదీ రాయండి.