కాళ్లు పట్టు తప్పితే కాల్షియం పోయడమేనా? ఫైటేజ్‌పై అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు దాణా సొంతంగా కలుపుకునే బ్రాయిలర్ రైతుల నోట పదేపదే వినిపించే మాట: "ఫైటేజ్ ఎంజైమ్ వేస్తున్నాం, అయినా కోళ్లు కుంటుతున్నాయి. కాల్షియం ఇంకాస్త పెంచమంటారా?" పెంచకండి. చాలా షెడ్లలో గొడవంతా అక్కడే ఉంది.

అపోహ: కుంటుతోందంటే కాల్షియం తక్కువైనట్టే.

వాస్తవం: ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ సుమారు 2:1 పాళ్లలో కలిసే పేరుకుంటాయి. ఫాస్ఫరస్ అందకపోతే ఎంత కాల్షియం పోసినా రెట్టలోకే పోతుంది. మొక్కజొన్న, సోయా, తౌడుల్లోని ఫాస్ఫరస్‌లో మూడింట రెండు వంతుల దాకా ఫైటేట్‌గా బిగిసి ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైమే ఫైటేజ్. కాల్షియం మితిమీరితే పేగులో ఫైటేట్‌ను పట్టేసి కరగనివ్వదు, ఇక ఎంజైమ్‌కి పని దొరకదు.

ఆ మితిమీరడం ఎలా జరుగుతుందో చూడండి. గ్రాముకు 5000 యూనిట్లుండే ఫైటేజ్ పొడి టన్ను దాణాకు 100 గ్రాములు వేస్తే కిలో దాణాకు 500 యూనిట్లు. దాంతో సుమారు 0.13 శాతం ఫాస్ఫరస్ విడుదలవుతుంది, కాబట్టి 18 శాతం ఫాస్ఫరస్ ఉండే డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 7 కిలోలు తగ్గించవచ్చు. ఇంతవరకు సరే. తూకం సరిపోవాలని ఆ 7 కిలోలూ సున్నపురాయి పొడితో నింపేస్తున్నారు! డీసీపీతో పోయిన కాల్షియం 1.6 కిలోలు, రాయిపొడితో వచ్చింది 2.6 కిలోలు. ఫైటేజ్ విడిపించేది మరో కిలో దాకా ఉంటుంది. టన్నుకు 2 కిలోలు ఎక్కువైంది, అంటే 0.2 శాతం. రాయిపొడి కిలోన్నర చాలు, మిగతా ఖాళీ మొక్కజొన్నతో నింపండి. కంపెనీని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి, ప్యాకెట్ వెంట ఇచ్చే పట్టిక అడిగి తీసుకోండి.

డీసీపీ మొత్తం తీసేయడం ఇంకా పెద్ద తప్పు. అలా చేస్తే రెండు మూడు వారాల పిల్లకి ముక్కు వేలితో నొక్కితే వంగుతుంది. అప్పుడే చనిపోయిన పిల్ల పిక్క ఎముక విరిచి చూడండి. టక్కుమని విరగాలి. పచ్చి కొమ్మలా వంగిందంటే ఖనిజం చేరలేదు. అప్పుడైనా నీళ్లలో కాల్షియం డబ్బా గుమ్మరించకుండా దాణాలో కాల్షియం, ఫాస్ఫరస్ రెండూ పరీక్ష చేయించండి. విటమిన్ డీ3 సంగతీ చూసుకోండి.

అపోహ: ఏ ఎంజైమైనా ఒకటే. కాదు. ఫాస్ఫరస్ లెక్క కట్టాల్సింది ప్యాకెట్ మీదున్న ఫైటేజ్ యూనిట్లతోనే.

అపోహ: ఇది హార్మోన్. ఉత్త పుకారు. ఎంజైమ్ ప్రొటీన్, పేగులోనే అరిగిపోతుంది.

అపోహ: కుంటితే దాణాదే తప్పు. నాలుగో వారం దాటాక కీలు వాచి వేడిగా ఉంటే, తొడ ఎముక తల చిదిమితే పొడిపొడిగా రాలుతుంటే అది ఎక్కువగా బ్యాక్టీరియా పని. కంగారుపడి దాణా మార్చకండి, పశువైద్యుడికి చూపించండి.

100 గ్రాముల పొడిని నేరుగా మిక్సర్‌లో చల్లితే కొన్ని బస్తాలకి చేరదు. ముందు 5 కిలోల మొక్కజొన్న పిండిలో, తర్వాత 25 కిలోల్లో కలిపి, అప్పుడు వేయండి. దాణాను పెల్లెట్ (గుళికలు) చేయిస్తుంటే పూత ఉన్న రకమో, వేడికి తట్టుకునే రకమో కొనండి. పూత లేనివి చాలావరకు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. వానాకాలం విప్పిన ప్యాకెట్ చెమ్మ తగలకుండా బిగించి దాచండి.